నాన్న బోన్ స్కాన్‌కి తోడొచ్చిన అందరికీ దండాలు

నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని బయాప్సీలో తేలిన దగ్గర్నుంచి పర్లాకిమిడిలో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) బాగా ఎక్కువుంది, పైగా నడుంనొప్పి. ఈ జబ్బు పాకితే ఎక్కువగా వెన్నెముక, తుంటి, పక్కటెముకల్లోకే వెళ్తుందని, బోన్ స్కాన్ చేయించమని డాక్టరు గారు చెప్పారు.

ముందుగా మా పక్కింటి ఒడియా భాయికి. తెల్లవారుజామున 3 గంటలకే తన బండి తీశాడు. పాతపట్నం దాటాక టైరు పంక్చరైంది. స్కాన్‌కి ఎక్కించే టెక్నీషియం అనే రేడియేషన్ మందు 6 గంటల్లో సగం బలం కోల్పోతుంది, రేపటికని దాచడానికి ఉండదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. భాయి ఫోన్ నోట కరుచుకుని, ఆ వెలుగులోనే స్టెప్నీ బిగించాడు. విశాఖ చేరాక డబ్బులివ్వబోతే, "మౌసా (బాబాయ్) దగ్గర కిరాయి తీసుకుంటానా?" అన్నాడు.

స్కాన్ చేసిన టెక్నీషియన్ అమ్మాయి ఆలస్యానికి విసుక్కోలేదు. ఇంజెక్షన్ చేశాక సుమారు 3 గంటలు ఆగాలి, నీళ్లు బాగా తాగాలి. ఎముకలకు పట్టని మందు మూత్రంలో పోతుందట. మూత్రం ఇబ్బందితో నాన్నకు నీళ్లంటేనే భయం. "ఎన్నిసార్లయినా వెళ్లండి బాబాయ్" అంటూ బాత్రూం పక్కనే కుర్చీ వేయించింది.

తెర మీద ఎడమవైపు మూడు పక్కటెముకల మీద, ఒకదాని కింద ఒకటి, నల్లటి చుక్కలు. నా గుండె జారిపోయింది. ఆ అమ్మాయి మాత్రం "ఈమధ్య ఎక్కడైనా పడ్డారా బాబాయ్?" అని అడిగింది. సంక్రాంతికి అటక దులుపుతూ నిచ్చెన మీంచి పడ్డారట. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు! ఆమె వెంటనే కాగితం మీద రాసుకుంది.

ఎముక కొత్తగా కట్టుకుంటున్న ప్రతిచోటా ఆ మందు చేరుతుందని, విరిగి అతుక్కుంటున్నా, కీళ్లు అరిగినా చుక్క పడుతుందని తర్వాత డాక్టరు గారు వివరించారు. సీటీ కూడా తీయించి, అవి విరిగి అతుక్కుంటున్న ఎముకలేనని, క్యాన్సర్ పాకిన జాడ లేదని చెప్పారు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. వైద్యం ఇంకా చాలా ఉంది, కానీ ఇప్పుడు ధైర్యంగా ఉన్నాం. స్కాన్‌కి వెళ్లేవాళ్లు పాత దెబ్బలు, పడ్డ సంగతులు దయచేసి దాచకండి.

ఎదురింటి అక్కకు కూడా. ఒంట్లో ఆ రేడియేషన్ ఉంటుంది కాబట్టి ఇంజెక్షన్ చేసిన రోజు చంటిపిల్లలను దగ్గరికి తీసుకోవద్దన్నారు. మా పాప తాత పక్కన తప్ప పడుకోదు. అక్క ఆ రాత్రంతా దాన్ని భుజాన వేసుకుని తిప్పింది. తెల్లారాక తెచ్చి నాన్న ఒళ్లో కూర్చోబెట్టింది.