ప్రాణనష్టం అంచనాలను ముందు అన్నమయ్య వరదతో సరిచూడండి
ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం, అప్పటికే ఉన్న పెద్ద డ్యాములకు ఐదేళ్లలో అత్యవసర కార్యాచరణ ప్రణాళికలు సిద్ధం చేయాలి. కట్ట తెగితే ఎంతమంది చనిపోవచ్చో అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు కూడా ఉన్నాయి. అలాంటి మోడల్‌ను మన రాష్ట్రంలో వాడేముందు, 2021 నవంబరులో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన వరదతో పరీక్షించమని నా విన్నపం.

ఈ లెక్కల్లో నీటి పరిమాణం కన్నా హెచ్చరికదే పెద్ద పాత్ర. 1976 జూన్ 5న అమెరికాలో టీటన్ డ్యామ్ పట్టపగలు తెగింది. కబురు ముందే అందడంతో మృతులు 11 మందే. ఫ్రాన్స్‌లోని మాల్పాసే డ్యామ్‌లో నీళ్లు అంతకంటే చాలా తక్కువ. కానీ 1959 డిసెంబరు 2 రాత్రి, ఎవరికీ తెలియకుండా తెగింది. నాలుగు వందల మందికి పైగా పోయారు. కెనడాలో తయారైన ఒక మోడల్‌ను ఈ మాల్పాసే వరదతోనే సరిచూశారు. అమెరికాలో 1999లో వచ్చిన ప్రాణనష్టం అంచనా పద్ధతికి ఆధారం సుమారు 40 వరదలు, ఎక్కువ భాగం అక్కడివే. మన ఊళ్ల ఇళ్లు, మన అలవాట్లు అందులో ఎక్కడున్నాయి?

2021 నవంబరు 19 తెల్లవారుజామున ఏం జరిగిందో చూడండి. ఎగువన ఉన్న పింఛా డ్యామ్ కట్ట తెగింది. ఆ వరద అన్నమయ్య మట్టికట్ట మీదుగా పొర్లి దాన్నీ తెంచేసింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు మునిగాయి. ఆరోజు కార్తీక పౌర్ణమి. చెయ్యేటి ఒడ్డున శివాలయానికి వెళ్లినవాళ్లు, రోడ్డు మీద ఆర్టీసీ బస్సుల్లో ఉన్నవాళ్లు కొట్టుకుపోయారు. తెల్లవారుజామున అందరూ ఇళ్లలోనే ఉంటారనుకునే మోడల్‌కు వీళ్లు కనిపించరు. మొత్తం అంకె మాత్రం కుదిరి, ఏ ఊళ్లో ఎంతమంది అన్నది తప్పితే ఆ మోడల్ పాసైనట్టు కాదు. పడవలు, సైరన్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఊరి లెక్కే కదా.

పరీక్ష నిజాయితీగా జరగాలంటే మోడల్‌కు వాన, ఇన్‌ఫ్లో, కట్ట, జనాభా వివరాలే ఇవ్వాలి, మృతుల లెక్క దాచాలి. మోడల్ తయారుచేసినవాళ్ల చేతికే పరీక్ష అప్పగించకూడదు.

దానికి ముందు ఇంకో పని ఉంది, ఇది ఆలస్యం చేయలేనిది. ఏ ఇంటికి ఎప్పుడు, ఎవరి ద్వారా కబురు అందింది? విన్నవాళ్లు వెంటనే కదిలారా, పశువుల కట్లు విప్పడానికి ఆగారా? ముసలివాళ్లను ఎవరు తీసుకెళ్లారు? ఏ గోడలు పడ్డాయి, ఏ మిద్దెలు నిలిచాయి? ఇవన్నీ బతికి బయటపడ్డవారినే అడగాలి. ఏళ్లు గడిచేకొద్దీ గుర్తులు చెరిగిపోతాయి. ఆ ఊళ్ల యాస తెలిసినవాళ్లను పంపి, పేర్లు బయటపెట్టకుండా ఇల్లిల్లూ రాయించండి. పరీక్షలో మోడల్ ఎంత తప్పిందో తెలుగులో రాసి, నది పక్క పంచాయతీలన్నింటికీ పంపండి.

ఇట్లు,
ఒక పౌరుడు