ఓక్లాండ్ నుంచి సాంబశివరావుకు ఒక ఉత్తరం

ప్రియమైన సాంబశివరావుకు,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం పోయిన వారం చేరింది. టీవీలో అమెరికా కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా మేము గుర్తుకొస్తామనీ, ఇంత జరుగుతున్నా అక్కడి ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చుంటాయా అనీ అడిగావు. వాషింగ్టన్ సంగతి నీకు తెలిసినంతే నాకూ తెలుసు, అదీ టీవీలో చూసిందే. అయితే కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఈ ఓక్లాండ్ నగర కౌన్సిల్ సమావేశాలకు ఏడాదిన్నరగా వెళ్తున్నాను కనుక, ఒక ఊరి పాలకవర్గం ఈ వ్యవహారాన్ని ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ జారవిడుస్తుందో మాత్రం కొంత చెప్పగలను. ఇరవై ఎనిమిదేళ్లు పంచాయతీ కార్యదర్శిగా గ్రామసభలు నడిపినవాడివి. ఇది నీకు కాక ఇంకెవరికి రాస్తాను?

ముందుగా ఒక అపోహ తొలగించాలి. బడిలోనో, బజారులోనో ఒక ఉన్మాది జొరబడి పదిమందిని కాల్చిన వార్తలే మన టీవీల దాకా వస్తాయి. అవి ఘోరమే, కాదనను. కాని మొత్తం లెక్కలో వాటి వాటా చాలా చిన్నది. 2021లో ఈ దేశంలో తుపాకి వల్ల పోయిన ప్రాణాలు 48,830. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మిగిలినవాటిలో అత్యధికం హత్యలు. అవి ఎక్కువగా పెద్ద ఊళ్లలోని కొన్ని పేటల్లో, అవే వీధుల్లో, ఒక్కొక్కరుగా ఇద్దరిద్దరుగా జరిగేవి. పాత పగలు, ముఠా తగవులు, నోటి మాట మీద పెరిగిన కోపాలు. వాటికి టీవీ రాదు. ఉదయానికల్లా గోడవారన కొవ్వొత్తులు, పూలు, ఒక ఫొటో వెలుస్తాయి, అంతే. మా సమావేశాలన్నీ ఈ రెండో రకం కాల్పుల గురించే.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పలేదు కదూ. మా అమ్మాయి ఆసుపత్రిలో అత్యవసర విభాగం నర్సు అని నీకు తెలుసు. ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే వదిలి, మెట్ల మీదే చాలాసేపు కూర్చుంది. కాఫీ ఇస్తే, నాన్నా, ఆ కుర్రాడు రెండోసారి వచ్చాడు, అంది. రెండోసారి అంటే రెండోసారి తూటా తగిలి. ఆ నెలలోనే మా వీధి చివర బట్టలుతికే దుకాణం అద్దానికి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. దాని పక్కనున్న కరెంటు స్తంభానికి, శాంతిభద్రతల మీద పేట సమావేశం, గ్రంథాలయంలో, అందరూ రావచ్చు అని కాగితం అంటించి ఉంది. పనీ పాటూ లేని పెన్షనరును కదా, వెళ్లాను.

పేట సమావేశం చూస్తే నీకు నవ్వొస్తుంది. ఇరవై కుర్చీలు, చల్లారిన కాఫీ, పటం పట్టుకుని నిలుచున్న ఒక పోలీసు అధికారి. ముప్పావు గంట వీధి దీపాల గురించీ, అర్ధరాత్రి కారు పందేల గురించీ, చెత్తకుప్పల గురించీ సాగింది. కాల్పుల మాట వచ్చేసరికి సగం మంది లేచి కోట్లు తొడుక్కుంటున్నారు. అచ్చం మన ఊళ్లో మంచినీళ్ల మాట అయ్యాక జనం పలచబడినట్టే.

నగర కౌన్సిల్ సమావేశం తీరు వేరు. అది జరిగేది 1914లో కట్టిన పెద్ద భవనంలో. 1989 భూకంపంలో దెబ్బతింటే, పునాదుల కింద రబ్బరు దిమ్మెల వంటివి అమర్చి, మళ్లీ భూమి కంపించినా తట్టుకునేలా నిలబెట్టారట. కాలిఫోర్నియాలో 1953 నుంచి బ్రౌన్ చట్టమని ఒకటుంది. ఆ చట్టం ప్రకారం సాధారణ సమావేశపు అజెండాను 72 గంటల ముందు అందరికీ కనబడేలా పెట్టాలి, హాజరైన ఎవరికైనా మాట్లాడే అవకాశం ఇవ్వాలి, లోపలికి రావడానికి నీ పేరేమిటి, నీకు ఓటుందా అని అడగకూడదు. నేను ఈ దేశపు పౌరుణ్ణి కాను, నాకు ఓటు లేదు. అయినా మైకు ముందు నిలబడే హక్కు ఉంది. అది తెలిసిన రోజున మన గ్రామసభల్లో ఓటర్ల జాబితాలో పేరు లేదని చెప్పి వలస కూలీలను వెనక్కి పంపిన సంగతి గుర్తొచ్చి సిగ్గనిపించింది. నువ్వు పంపలేదులే, ఆ కాలపు సర్పంచి పంపాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు చూసిన ఒక తల్లి ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది. చొక్కా మీద కొడుకు బొమ్మ, దాని కింద రెండు తేదీలు అచ్చువేయించుకుని వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది. గోడ మీది గడియారం అంకెలు తగ్గుతూ ఉన్నాయి. ఏ రోజున, ఏ మలుపు దగ్గర, ఆ దీపం ఎన్నాళ్లుగా వెలగడం లేదు, కేసు ఎంతవరకు వచ్చింది అని చెప్పేలోగానే గంట మోగింది. ఆమె కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచి సంచిలో పెట్టుకుంది. పైన కూర్చున్న సభ్యుల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఏమి మనుషులు వీళ్లు అనుకున్నాను. తరవాత తెలిసింది, అజెండాలో లేని విషయం మీద సభ్యులు చర్చించడాన్ని ఆ బ్రౌన్ చట్టమే నిషేధించిందని. ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పడం తప్ప అంతకు మించి సాగదీయకూడదట. రహస్యంగా తీర్మానాలు చేయకుండా జనాన్ని కాపాడే నిబంధనే ఆ తల్లి ముందు మౌనమై నిలబడింది. చట్టం మంచిదే, కాని ఆ సంగతి ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇంకో సంగతి. తుపాకులు ఎవరికి అమ్మాలి, ఎవరికి కూడదు అని కౌన్సిల్ మీద విరుచుకుపడేవాళ్లు చాలామంది వస్తారు. తుపాకుల లైసెన్సు, రిజిస్ట్రేషన్ రాష్ట్రం చేతిలోని పని; నగరానికి ఆ అధికారమే లేదు. మరి నగరం చేతిలో ఏముంది? పోలీసులున్నారు, 2017లో ఏర్పరచిన హింసా నివారణ శాఖ ఉంది, వీధుల్లో తిరిగి తగవులు చల్లార్చే కార్యకర్తలకు ఇచ్చే డబ్బు ఉంది. అంటే అసలు కథంతా బడ్జెట్‌లోనే నడుస్తుంది.

ఆ కథ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులోనే అసలు సరుకుంది. 2012లో ఈ నగరం హత్యలతో అట్టుడికిపోయింది. ఎవరు ఎవరిని కాలుస్తున్నారని కేసులన్నీ ముందేసుకుని లెక్క తీస్తే, అప్పటికి సుమారు 4 లక్షల జనాభా ఉన్న ఊళ్లో అత్యంత ప్రమాదంలో ఉన్నవాళ్లు కొన్ని వందల మందే అని తేలింది. పైగా వాళ్లు అందరూ అనుకున్నట్టు బడి మానేసిన పిల్లలు కారు. సగటు వయసు ముప్పై దగ్గర. ఆ ఏడాది చివర సీజ్‌ఫైర్, అంటే కాల్పుల విరమణ, అనే పద్ధతిని గట్టిగా మొదలుపెట్టారు. అది బోస్టన్‌లో 1990ల్లో పుట్టిన పద్ధతి. ప్రొబేషన్ మీదో పెరోల్ మీదో, అంటే శిక్షపడి కూడా షరతుల మీద బయట ఉన్న అలాంటి కుర్రాళ్లను ఒక చోటికి పిలుస్తారు. ఎదురుగా పోలీసులు, కొడుకులను పోగొట్టుకున్న తల్లులు, ఒకప్పుడు అదే దారిలో నడిచి జైలు చూసి వచ్చిన పెద్దలు కూర్చుంటారు. వాళ్లు చెప్పే మాటల సారం ఇదీ: నువ్వు బతికుండాలి, బయట ఉండాలి, దానికి ఉద్యోగమో ఇల్లో ఏ సాయం కావాలన్నా ఇస్తాం, కాదని కాల్పులు సాగిస్తే మాత్రం పోలీసుల కన్ను నీ మీదే ఉంటుంది. మన ఊళ్లో రెండు వర్గాల పెద్దలను రావిచెట్టు కింద కూర్చోబెట్టి, ఇటు బంధువు చేతా అటు ఎస్సై చేతా చెప్పించేవాడివే, అలాంటిదే అనుకో; కాకపోతే ఇక్కడ దానికి జాబితా ఉంది, జీతగాళ్లున్నారు, లెక్క ఉంది.

2018 నాటికి హత్యలు దాదాపు సగానికి దిగివచ్చాయి. పరిశోధకులు వచ్చి కొలిచి, తుపాకి హత్యల్లో సుమారు 31 శాతం తగ్గుదల ఈ పద్ధతి పుణ్యమేనని తేల్చారు. ఇంత పని చేసిన దాన్ని ఎవరైనా కళ్లకద్దుకుని కాపాడుకుంటారు కదా? అలా జరగలేదు. అధికారులు మారారు, శ్రద్ధ చెదిరింది, కోవిడ్ వచ్చి ముఖాముఖి సమావేశాలు ఆగిపోయాయి. 2021, 2022, 2023 మూడేళ్లూ హత్యలు ఏటా నూరు దాటాయి. 2024 జనవరిలో వెలువడిన పరిశీలన నివేదిక, నగరం ఈ పద్ధతికి క్రమక్రమంగా దూరమైపోయిందని కుండబద్దలు కొట్టింది. మళ్లీ గాడిలో పెట్టారు. ఆ ఏడాది హత్యలు మూడో వంతు దాకా తగ్గాయి. అదే ఏడాది దేశమంతటా కూడా తగ్గాయి కనుక ఘనతంతా దీనిదే అని నేను అనను, కాని పాటు ఊరికే పోలేదని మాత్రం నమ్ముతున్నాను.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అక్కడే ఉంది. పద్ధతి నెమ్మదిగా చచ్చిపోతున్న ఆ ఏళ్లలో కూడా సమావేశాలు జరిగాయి, జనం అరిచారు, ఏడ్చారు. పోలీసులను పెంచాలని ఒక వర్గం, ఆ డబ్బు మళ్లించి సేవలకు పెట్టాలని మరో వర్గం తలపడ్డాయి. కుర్రాళ్లను పిలిచి మాట్లాడే ఆ సీజ్‌ఫైర్ సమావేశం గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు జరిగింది, ఎంతమంది వచ్చారు అనే చప్పటి ప్రశ్నను మాత్రం పట్టుపట్టి అడిగినవాళ్లు తక్కువే అయివుంటారు. కాల్పులు జరిగిన మర్నాటి సమావేశానికి నిలబడటానికి చోటుండదు. నాలుగు నెలల తరవాత, ఖర్చుల పట్టిక వచ్చిన రోజున నలుగురైదుగురం ఉంటాం, అందులో ఒకాయన చలికి తలదాచుకోవడానికి వచ్చినవాడు. ఒక సలహా సంఘం సమావేశానికి, పేరెందుకులే, రెండు బస్సులు మారి వెళ్తే, కోరం లేదని అరగంటకే పంపేశారు. నువ్వు గుర్తొచ్చావు. కోరం చాలని రోజున తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించేవాడివి. తప్పే అనుకో, అయినా పని ఆగేది కాదు.

ఇక డబ్బు. 2014లో ఓటర్లే ఆస్తి మీదా, కార్లు నిలిపే రుసుము మీదా పదేళ్ల పన్ను వేసుకున్నారు. గడువు తీరుతుండగా 2024 నవంబరులో మరో తొమ్మిదేళ్లకు కొత్త పన్నుకు ఒప్పుకున్నారు. తమ మీద తామే పన్ను వేసుకునే ఈ ముచ్చట మనకు కొత్త. రాష్ట్రం కూడా 2024 జులై నుంచి తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను విధించి, ఆ సొమ్మును ప్రధానంగా ఇటువంటి పనులకే కేటాయిస్తోంది. కేంద్రానిదే నిలకడ లేదు. 2022 చట్టంలో ఈ పనికని ప్రత్యేకంగా 250 మిలియన్ డాలర్లు పెట్టిన దేశమే, 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ చేత వందలకొద్దీ గ్రాంట్లను ఏడాది మధ్యలో రద్దు చేయించింది. మన దగ్గర నిధులు మురిగిపోతాయి, ఇక్కడ మధ్యలో తెగిపోతాయి. అలా తెగితే ఆగేది రోడ్డో కల్వర్టో కాదు, ఆసుపత్రి మంచం పక్కన కూర్చునే మనిషి ఆగిపోతాడు. 1994లో ఈ ఓక్లాండ్‌లోనే యూత్ అలైవ్ అనే సంస్థ, తూటా తగిలి పడుకున్న కుర్రాడి దగ్గరకు అదే పేటలో పెరిగిన ఒకణ్ణి పంపి, పగ తీర్చుకోవాలన్న ఆలోచన నుంచి మళ్లించే పని మొదలుపెట్టింది; ఆ తరవాత ఎన్నో నగరాలు దాన్ని అందుకున్నాయి. మా అమ్మాయి మెట్ల మీద కూర్చున్న రోజున నాకు ఇవేవీ తెలియవు.

పోయిన నెల చివరికి నేనూ మాట్లాడాను. నీకు నవ్వొస్తుందని తెలుసు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ మైకు ముందు గొంతు తడారిపోయింది. నా గుంటూరు ఇంగ్లీషులో రెండే ప్రశ్నలు అడిగాను: వీధుల్లో తిరిగే కార్యకర్తల ఉద్యోగాల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఎన్ని నెలలుగా? ప్రమాదంలో ఉన్నవాళ్ల జాబితాలో ఎంతమందిని ఈ మూడు నెలల్లో స్వయంగా కలిశారు? ఇచ్చిన నిమిషంలో ఇంకా పద్దెనిమిది సెకన్లు మిగిలాయి. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. బయటికి వస్తుంటే ఆ చొక్కా తల్లి ఎదురైంది, ఆ ప్రశ్నలు రాసిన కాగితం ఇవ్వమని అడిగి తీసుకుంది. తరవాతి సమావేశంలో అవే రెండు ప్రశ్నలు ఆమె అడిగింది. అజెండాలో అంశం ఉన్న రోజు చూసుకుని మరీ అడిగింది, కనుక ఈసారి ఒక అధికారి లేచి, వివరాలు రాతపూర్వకంగా ఇస్తామని చెప్పాల్సి వచ్చింది. ఇంకా ఇవ్వలేదు. మంగళవారం మళ్లీ వెళ్తున్నాం.

అందుకే నీతో ఒక పని పడింది. గ్రామసభ మొదట్లో కిందటి తీర్మానాల అమలు నివేదిక చదివేవాడివి కదా. ఏ పని, ఎవరి బాధ్యత, ఎంతవరకు వచ్చింది, ఎందుకు ఆగింది అని గళ్లు గీసిన ఆ కాగితం పాత దస్త్రాల్లో ఎక్కడైనా ఉంటే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించు. ఆ గళ్లలో ఇక్కడి సంగతులు నింపి ప్రతి సమావేశానికీ పట్టుకెళ్దామని ఆమే నేనూ అనుకున్నాం. చెల్లెమ్మను అడిగానని చెప్పు, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో రాయి.

నీ
వెంకటేశ్వర్లు