కొత్త వెర్షన్ వస్తోంది, అప్‌డేట్‌కి ముందు సింక్ నొక్కండి

నమస్కారమండి. మా బిల్లింగ్ యాప్ వాడుతున్న కిరాణా షాపులవాళ్లకీ ఎరువుల షాపులవాళ్లకీ ఈ కబురు. వచ్చే నెల మొదటి వారంలో కొత్త వెర్షన్ ఇస్తున్నాం. పైకి పెద్ద తేడా కనబడదు గానీ లోపల చాలా మారుతోంది.

అన్నిటికంటే ముందు ఇది చూడండి. అప్‌డేట్ నొక్కేముందు నెట్ బాగున్నచోట, ఫోన్‌లోని బిల్లుల్ని మా సర్వర్‌కి పంపే సింక్ బటన్ నొక్కి, పచ్చ టిక్ వచ్చాకే ముందుకెళ్లండి. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకునే పని మాత్రం అస్సలు పెట్టుకోవద్దు. పాత యాప్, వెబ్ పేజీల్ని ఫోన్ యాప్‌గా మార్చే కార్డోవా అనే సాధనం మీద నడుస్తోంది, సింక్ కాని బిల్లులు అందులో బ్రౌజర్ స్టోరేజ్‌లో ఉంటాయి, ఆ స్టోరేజ్ ఏమో పేజీ ఏ అడ్రస్ నుంచి తెరుచుకుందో ఆ అడ్రస్‌కే కనబడుతుంది. కొత్తది కెపాసిటర్ అనే అలాంటిదే ఇంకో సాధనం మీద, దాని అడ్రస్ వేరు. అంటే పద్దులు ఫోన్‌లోనే ఉన్నా కొత్త యాప్‌కి దొరకవు. ఇకమీదట అన్నీ ఫోన్‌లోనే ఉండే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లోకి వెళ్తాయి కాబట్టి ఈ తలనొప్పి ఈ ఒక్కసారికే.

కార్డోవా పనికిరాక వదలడం లేదు. దాన్నే ఫోన్‌గ్యాప్ పేరుతో ఇచ్చిన అడోబీ 2020లో తన సర్వీస్ ఆపేసింది, అపాచీ సంస్థ దగ్గర కార్డోవా ఇంకా నడుస్తూనే ఉంది. కానీ యాప్‌ని ప్రింటర్‌తో కలపడానికి మేం వాడిన ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని రాసినవాళ్లే పట్టించుకోవడం మానేశారు. గూగుల్ ప్లే ఏమో ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కి మార్చమంటుంది, 2025 ఆగస్టు 31 నుంచి ఆండ్రాయిడ్ 15 అడిగింది. మార్చిన ప్రతిసారీ ఆ ప్లగిన్ మొరాయిస్తుంది, మీరు కౌంటర్‌లో జనాన్ని నిలబెట్టుకుని మాకు ఫోన్ చేస్తారు.

“మీది అసలు యాపే కాదట, వెబ్‌సైట్‌కి చొక్కా తొడిగారట, ఫ్లట్టర్‌లో ఎందుకు రాయలేదని మావాడు అడుగుతున్నాడు” అని తెనాలి కస్టమర్ ఒకాయన నిలదీశారు. వాళ్లబ్బాయి బీటెక్. ఫ్లట్టర్ అంటే వెబ్ పేజీలు లేకుండా యాప్ రాసే గూగుల్ సాధనం. అబ్బాయి చెప్పింది నిజమేనండి, మన స్క్రీన్లన్నీ హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టే, ఫోన్‌లోని వెబ్‌వ్యూ అనే లోపలి బ్రౌజర్ వాటిని చూపిస్తుంది. ఫ్లట్టర్‌లో కూడా బిల్లు స్క్రీన్ ఒకటి రాసి చూశాం. పాత ఫోన్‌లో వేల ఐటమ్స్ లిస్టు జరుపుతుంటే అదే నున్నగా కదిలింది, ఒప్పుకోవాల్సిందే.

అయినా వెబ్ దగ్గరే ఆగాం. మేం ఉన్నదే ముగ్గురం, ముగ్గురికీ వచ్చింది జావాస్క్రిప్ట్. మీ ఆడిటర్ కంప్యూటర్‌లో తెరిచే జీఎస్టీ రిపోర్టులూ ఇదే కోడ్. అదీగాక 2025 సెప్టెంబర్ 22న ఒంటి సబ్బులు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5కి దిగినప్పుడు, రేట్ల పట్టిక అయితే ఏ యాప్‌లోనైనా సర్వర్ నుంచి మారిపోతుంది, పాత స్టాక్‌కి బిల్లు స్క్రీన్‌లో చేసిన మార్పు మాత్రం ప్లే స్టోర్ కోసం ఆగకుండా నేరుగా మీ ఫోన్లకి పంపగలిగాం. ఫ్లట్టర్‌లో దానికి వేరే ఏర్పాటు కావాలి.

తెలుగు బిల్లు సంగతి కూడా ఉంది. మీ దగ్గరున్న 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు. అందుకని బిల్లు మొత్తాన్ని 384 చుక్కల వెడల్పు బొమ్మగా గీసి పంపుతాం. “లక్ష్మి”లో ఒత్తు ఎక్కడ కూర్చోవాలో బ్రౌజర్‌కి ముందే తెలుసు, మాకు పని తప్పింది. కాకపోతే అక్షరం చిన్నదైతే ఒత్తులన్నీ నల్లటి మచ్చలైపోతున్నాయి. సైజు పెంచాం, వరుసల మధ్య కాస్త ఖాళీ వదిలాం, బిల్లు కాగితం కొంచెం పొడవు వస్తుంది, ఏమనుకోకండి. బ్లూటూత్ ప్లగిన్ ఈసారి మేమే కోట్లిన్ అనే ఆండ్రాయిడ్ ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్నాం. ఇక అది మొరాయిస్తే తిట్టాల్సింది మమ్మల్నే.

ఇబ్బందులూ చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ 6 కంటే పాత ఫోన్లలో కొత్త వెర్షన్ ఎక్కదు. వెబ్‌వ్యూ గూగుల్ చేతిలో ఉంటుంది. 2021 మార్చిలో దాని అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి జీమెయిల్‌తో సహా బోలెడు యాప్‌లు తెరుస్తూనే మూసుకుపోయాయి. అలాంటి రోజు మళ్లీ వస్తే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి బిల్లు వేసుకోవడమే. కెపాసిటర్ చేసిన అయోనిక్ కంపెనీని 2022లో అవుట్‌సిస్టమ్స్ అనే ఇంకో కంపెనీ కొనేసింది, 2025లో డబ్బులు తీసుకునే సర్వీసులు కొత్తగా అమ్మడం ఆపేశారు. మేం వాడే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ ఉచితంగా దొరికే) భాగం కొనసాగుతోంది, రేపు ఎలా ఉంటుందో గ్యారంటీ ఇవ్వలేను. ఐఫోన్ వెర్షన్ ఇప్పట్లో లేదు, మీ ప్రింటర్లలో చాలావాటికి ఐఫోన్‌తో పొసగదు.

ఈ ఏడాది చందా పెంచడం లేదు. మీ లిస్టులో వేలకొద్దీ ఐటమ్స్ ఉంటే మాత్రం అప్‌డేట్ వచ్చేదాకా ఆగకుండా ఒకసారి ఫోన్ చేయండి, టెస్ట్ వెర్షన్ పంపుతాం. మీ షాపులో, మీ ఫోన్‌లో లిస్టు ఎక్కడ తడబడుతోందో చెబితే విడుదలకి ముందే సరిచేస్తాం.