గడ్డిమందు కంపెనీకి ఫిర్యాదు: మీ హెల్ప్‌లైన్‌లో మనిషికి చోటు లేదు

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,
హైదరాబాద్.

అయ్యా,

మీ గడ్డిమందు డబ్బా మూత పగిలి ఉందని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మూతలు పగులుతుంటాయి, అది మీ ఫ్యాక్టరీ వాళ్ల తలనొప్పి. మా చిన్నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ హెల్ప్‌లైన్ మాతో ఆడుకున్న తీరు గురించి రాస్తున్నాను.

నల్గొండ జిల్లాలో మాకు పత్తి చేలున్నాయి. చిన్నాయన మూత తిప్పబోతే చేతిలోనే విరిగి మందు మొహం మీదికి చిమ్మింది. కొంత నోట్లోకి పోయింది. ఉమ్మేసి, మొహం కడుక్కుని పనిలో పడ్డాడు. మర్నాటికి నాలుకంతా పొక్కిపోయి, ఉమ్మి కూడా మింగలేకపోయాడు. హైదరాబాద్ తీసుకొచ్చాం. డాక్టరు డబ్బా అడిగారు. పారాక్వాట్ 24 శాతం అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పెట్టెలో ఉండాల్సిన కరపత్రం లేదు. ఇందులో మింగితే కక్కేలా వాంతి మందు కలిపారా, ఇంకేం కలిపారు, కంపెనీని కనుక్కోండి అన్నారాయన.

అక్కడ మొదలైంది మా భాగోతం.

మొక్కలకు తెగులైతే ఒకటి నొక్కాలట, డీలర్‌షిప్‌కు రెండు, ఆఫర్లకు మూడు. మనిషికి విషమెక్కితే ఏది నొక్కాలో చెప్పలేదు కాబట్టి ఒకటి నొక్కాను. మీ పాట మొత్తం విన్నాక ఒకమ్మాయి వచ్చింది.

"సార్, ఎన్ని ఎకరాల్లో నష్టం జరిగింది?"

"ఎకరాలు కాదమ్మా, మనిషి నోట్లో పడింది."

"ఓకే సార్. ఏ పంట సార్?"

పత్తి అన్నాను, ఏదో ఒకటి రాసుకుంటే ముందుకు కదులుతుందని. దెబ్బతిన్న భాగం ఫొటో వాట్సాప్ చేయమంది. చిన్నాయన నాలుక ఫొటో పంపాను. "ఫొటో స్పష్టంగా లేదు, దయచేసి పగటి వెలుతురులో తీసి పంపండి" అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది, కావాలంటే పంపుతాను.

తర్వాత దొరికిన అబ్బాయి మర్యాదస్తుడే. పాలు పట్టించండి, తగ్గిపోతుంది అన్నాడు. డాక్టరు చదువు ఎక్కడ చదివావు బాబూ అంటే లైన్ పెట్టేశాడు. ఇంకొకాయన డీలర్ కోడ్ లేకుండా ఫిర్యాదే తీసుకోనన్నాడు. మందులో ఏం కలిపారో చెప్పడం కంపెనీ రహస్యమట. మీ రహస్యం చిన్నాయన కడుపులో ఉంది సార్ అన్నాను. సూపర్‌వైజర్ సోమవారం ఫోన్ చేస్తారన్నాడు. ఆ సోమవారం ఏ సంవత్సరానిదో చెప్పలేదు.

మీరు సోమవారం కోసం చూస్తుంటే ఇక్కడ జరిగింది వినండి. ఒంట్లో ఈ విషం ఉందేమో చూడటానికి ల్యాబ్‌లో డైథయోనైట్ అనే పొడి కలిపితే చిన్నాయన మూత్రం నీలంగా మారింది. లేత నీలం. ముదురు నీలమైతే ఆశ వదులుకోవాల్సి వచ్చేదన్నాడు ల్యాబ్ అబ్బాయి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ రోజురోజుకూ పెరిగి డయాలసిస్ దాకా వెళ్లింది. ఈ విషానికి విరుగుడు లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పారు. ఆయాసపడుతుంటే ఆక్సిజన్ పెట్టండయ్యా అని చిన్నమ్మ కాళ్లావేళ్లా పడింది. ఈ మందు ఒంట్లోకి పోయినవాళ్లకు అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి, రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోతేనే పెడతాం అన్నారు. గాలి కోసం కొట్టుకునే మనిషికి గాలి పెట్టొద్దని ఇంటావిడకు ఎలా చెప్పాలో మీ స్క్రిప్టులో ఏమైనా రాసి ఉందా?

సరిగ్గా ఆ సాయంత్రమే మీ మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది. మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు?" విచారిస్తే మా ఫిర్యాదు "పంట నష్టం, కస్టమర్ స్పందించలేదు" అని మూసేశారట. స్పందించనిది మేము!

అమీర్‌పేటలో మెట్రో మారి మీ ఆఫీసుకే వచ్చాను. రిసెప్షన్‌లో అపాయింట్‌మెంట్ లేదన్నారు. చివరికి మార్కెటింగ్ ఆయనొకరు కిందికొచ్చి, బాధగా ఉందని చెప్పి, మీ లోగో ఉన్న టోపీ, కొత్త సీజన్ బ్రోచర్ చేతిలో పెట్టారు. మీ సెక్యూరిటీ గార్డు మాత్రం మంచినీళ్లిచ్చి, పెద్దాయనకు ఎలా ఉందని అడిగాడు. కస్టమర్ కేర్‌కు ఆయన్ని మార్చండి.

మా నాన్న హయాం నుంచీ మీ మందులే వాడాం. ఏటా మా ఇంటి గోడకు మీ క్యాలెండరే. మీ మీటింగులు మా వాకిట్లోనే జరిగేవి, మీ వాళ్లకు టీ పోసింది కూడా ఈ చిన్నమ్మే. అమ్మేటప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చే కంపెనీకి, ఆసుపత్రికి ఫోన్ చేయడానికి దారి తెలియలేదు.

చిన్నాయన బతికాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊపిరితిత్తులు ఎంతవరకు కోలుకుంటాయో మళ్లీ స్కానింగ్ చేస్తేగానీ చెప్పలేమన్నారు. ఆ ఖర్చు సంగతి మీరే ఆలోచించండి, అంకె నేను వేయను. ఫోన్ ఎత్తే చోట, ఏ వేళైనా, తెలుగు వచ్చిన డాక్టరొకరు ఉండాలి. మందులో ఏముందో ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫోన్ కాల్ రికార్డులన్నీ భద్రపరచండి, అడిగే రోజొస్తుంది.

పెట్టెలో విష లక్షణాలు, ప్రథమ చికిత్స తెలిపే కరపత్రం ప్రాంతీయ భాషలో కూడా పెట్టాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. కేరళ 2011లోనే ఈ మందును వద్దనుకుంది. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి లేదు. మరి మా దగ్గర అమ్ముకునేవాళ్లకు కనీసం ఫోన్ ఎత్తే బాధ్యత ఉండదా?

ఈ ఉత్తరం నకలు జిల్లా వ్యవసాయ అధికారికి పంపాను. పదిహేను రోజుల్లో మనిషి గొంతుతో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌లో కేసు వేస్తాను. మీ టోపీ కూడా సాక్ష్యంగా పెడతాను. ఆటోమేటిక్ మెసేజ్‌ను జవాబుగా లెక్కపెట్టను.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
ఎల్.బి.నగర్, హైదరాబాద్.