నిలబడి చేసే వ్యాయామం నేర్పిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేల మీద పడుకుని లేవడం కష్టమైనవారు పొట్ట, నడుము కండరాలకు బలం తెచ్చుకోవడానికి నిలబడి చేయగల వ్యాయామం ఏదైనా ఉందా అని నేను అడిగినప్పుడు, ఓపికగా జవాబులు రాసిన ప్రతి ఒక్కరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటిలో నాకు బాగా కుదిరింది నిలుచున్నచోటే ఒక్కో మోకాలిని పైకెత్తి దించే వ్యాయామం.

అందరికన్నా ముందు ఫిజియోథెరపిస్టు గారికి నమస్కరించుకోవాలి. పాదాల మధ్య తుంటి వెడల్పు ఎడం ఉంచి, మోకాళ్లను బిగించకుండా నిటారుగా నిలబడి, ఊపిరి వదులుతూ ఒక మోకాలిని తుంటి ఎత్తు వరకు లేపి, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆపి, ఎత్తినప్పటికన్నా నెమ్మదిగా దించాలని ఆయన రాశారు. కొత్తవారికి ఒక్కో కాలికి 8 నుంచి 10 సార్లు, కాస్త విశ్రాంతి తర్వాత మరో విడత చాలన్నారు. అయితే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, లేచిన కాలిని కాదు, నేల మీద నిలిచిన కాలిని గమనించమని ఆయన చెప్పిన మాట. ఒక కాలు లేవగానే బరువంతా రెండో కాలి మీద పడుతుంది. ఆ వైపు పిరుదు పక్కనుండే కండరం గట్టిగా పట్టి ఉంచలేకపోతే, లేచిన కాలి వైపు తుంటి కిందికి వాలిపోతుంది, నడుము పక్కకు ఒరుగుతుంది. అద్దం ముందు రెండు చేతులూ తుంటి ఎముకల మీద ఆనించి చేస్తే ఆ వాలు కళ్లకు కనిపిస్తుంది. మోకాలు తక్కువ ఎత్తే లేచినా నడుము ఒరగకుండా ఉంటే పని సరిగ్గా జరుగుతున్నట్టే. వేగంగా చేసేవారు కాలిని ఊపుతారే తప్ప పొట్ట కండరాలకు పని పెట్టరన్న ఆయన మాట అక్షరాలా నిజం.

శ్వాస గురించి విడిగా రాసిన అక్కగారికి కూడా ఎంతో రుణపడి ఉన్నాను. పొట్టను నడికట్టులా చుట్టి ఉండే లోపలి కండరం ఊపిరి పూర్తిగా వదిలేటప్పుడు బిగుసుకుంటుందని, అది తెలియాలంటే తుంటి ఎముకల ముందు కొసలకు కొంచెం లోపలగా వేళ్లు ఆనించి మెల్లగా దగ్గి చూడమని ఆవిడ చెప్పారు. వేళ్ల కింద గట్టిపడిన ఆ చోటు తెలిసిన తర్వాతే, మోకాలు ఎత్తేటప్పుడు దేన్ని బిగించాలో నాకు అర్థమైంది. ఊపిరి బిగబట్టి చేస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుందన్న హెచ్చరిక రక్తపోటు ఉన్నవారందరూ గుర్తుంచుకోవలసినది.

తూలిపోతామన్న భయం ఉంటే కదలని కుర్చీ వీపును పట్టుకుని మొదలుపెట్టి, క్రమంగా ఒక చేయి, ఆపై ఒక వేలు మాత్రం ఆనించమన్న పెద్దాయన సలహా వల్లే నేను ధైర్యంగా ఆరంభించగలిగాను. ఇప్పుడు దేన్నీ పట్టుకోకుండా ఒంటికాలి మీద నిలబడి సాక్సు తొడుక్కోగలుగుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలందరికీ వారంలో కనీసం 2 రోజులు కండరాల బలానికి వ్యాయామం, 65 ఏళ్లు దాటినవారికి 3 రోజులైనా నిలకడను, బలాన్ని పెంచే కదలికలు ఉండాలంటున్నాయని గుర్తుచేసినవారికీ ధన్యవాదాలు. దీనివల్ల పొట్ట దగ్గరి కొవ్వు ప్రత్యేకంగా కరగదని నిజాయితీగా చెప్పినవారంటే నాకు మరింత గౌరవం.

మోకాలికి ఎదుటి మోచేతిని చేర్చే తర్వాతి మెట్టు గురించి డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తను కూడా ఇక్కడ రాస్తున్నాను: ఎముకలు గుల్లబారినవారు ముందుకు వంగి నడుము తిప్పే కదలికలకు దూరంగా ఉండాలి, కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే ఎవరైనా సరే ఆపేసి వైద్యుడిని కలవాలి. నేనింకా ఆ మెట్టు దాకా రాలేదు. వచ్చినప్పుడు మళ్లీ మిమ్మల్నే అడుగుతాను.