లాకౌట్ నోటీసు వెనక ఊరు విడిచే కుటుంబాలు

సంపాదకులకు,

నమస్కారం. జనపనార మిల్లులు మూతపడి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి తరలిపోతున్న కుటుంబాల గురించి ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా ప్రభుత్వ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. పని పోయినవాడు పని ఉన్న చోటికి వెళ్లడం తప్పూ కాదు, మాకు కొత్తా కాదు. మా ప్రాంతం వాళ్లు ఒకప్పుడు రంగూను వెళ్లారు. ఆ తరవాత విశాఖ రేవుకు, ఉక్కు కర్మాగారం పనులకు వెళ్లారు. వాళ్లకు ఇక్కడ పని లేదన్న సంగతి తెలిసే బండెక్కారు. మిల్లు కార్మికుడి పరిస్థితి అది కాదు. అతని పని పోయిందని ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వరు. ఉందని కూడా చెప్పరు.

నేను విజయనగరం జిల్లాలోని ఒక పల్లెలో బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా పనిచేసి విరమించాను. మా తమ్ముడు ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలోని ఒక మిల్లులో పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. మొదటి నాలుగేళ్లు బదిలీ కార్మికుడిగా, అంటే పర్మినెంటువాళ్లు రానిరోజు వాళ్ల బదులు పనిచేసేవాడిగా, రోజూ గేటు దగ్గర పిలుపు కోసం నిలబడి, తరవాత స్పిన్నింగ్ విభాగంలో పర్మినెంటు అయ్యాడు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు నాలుగున్నరకే సైకిలు తీసేవాడు. తిరిగి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా నార నూగు ఉండేది. మా చిన్నతనంలో ఈ చుట్టుపక్కల చెరువుల్లో గోగు కట్టలు ఊరవేస్తే ఆ వాసన ఊరంతా కొట్టేది. ఆ గోగునారకు భీమునిపట్నం రేవు పేరు మీదుగా బయటి దేశాల్లో ‘బిమ్లీ జూట్’ అన్న పేరు వచ్చిందని కుర్రవాళ్లకు చెబితే ఇప్పుడు నమ్మరు. గోగు వేసిన పొలాల్లో నేడు మొక్కజొన్న ఉంది.

ఒకరోజు రాత్రి షిఫ్టు దిగినవారికి గేటు మీద నోటీసు కనిపించింది. ముడిసరుకు ధర, కరెంటు చార్జీలు, ఆర్డర్లు లేకపోవడం కారణాలుగా చూపి, తదుపరి ఉత్తర్వుల వరకు లాకౌట్, అంటే యాజమాన్యమే గేటుకు తాళం వేసి పని ఆపడం, అని అందులో రాశారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. పెద్ద మిల్లును చట్టప్రకారం మూసివేయాలంటే యాజమాన్యం ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, ప్రతి కార్మికుడికీ పూర్తి చేసిన సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. లాకౌట్‌కు ఆ అనుమతి అక్కర్లేదు, నోటీసు చాలు. లాకౌట్ ఎన్ని నెలలు సాగినా కార్మికుడి పేరు మస్టరులోనే, అంటే హాజరు పట్టీలోనే, ఉంటుంది కాబట్టి అతన్ని తొలగించినట్టు కాదు. తొలగించలేదు కాబట్టి పరిహారమూ లేదు. సర్వీసును బట్టి పని మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ సొమ్ము కావాలంటే రాజీనామా ఇవ్వాలి. ఇస్తే, రేపు తాళం తీసినా మిల్లులో చోటు ఉండదు, పరిహారం మీద హక్కూ పోతుంది. పంతొమ్మిదేళ్ల సర్వీసు ఉన్న మనిషిని ఇంతకన్నా తేలిగ్గా కట్టిపడేసే ఉపాయం మరొకటి ఉంటుందనుకోను.

మా తమ్ముడు పద్నాలుగు నెలలు ఎదురుచూశాడు. సంక్రాంతికి తెరుస్తారన్నారు, తరవాత ఉగాది అన్నారు. కార్ఖానా పదిహేను రోజులకు మించి మూతపడి కార్మికుడికి పరిహారం అందకపోతే భవిష్యనిధి (పీఎఫ్) నుంచి సొమ్ము తీసుకునే వీలుండేది. ఆ వీలుతో వృద్ధాప్యానికి దాచిన డబ్బు బియ్యానికీ స్కూలు ఫీజుకీ ఖర్చయింది. చందా ఆగిన కొన్నాళ్లకు ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) వైద్యం కూడా దూరమైంది. గేదెను అమ్మారు. మా మరదలి చెవి దిద్దులు బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి. మొదటి నెలలోనే మిల్లు ఇక తెరుచుకోదని తేల్చి చెప్పి, రావలసినది చేతిలో పెట్టి ఉంటే ఆ డబ్బుతో విశాఖలోనో హైదరాబాదులోనో ఒక గది అద్దెకు తీసుకుని, పిల్లల్ని బడిలో చేర్చి, నిదానంగా పని వెతుక్కునేవాడు. అంతా కరిగిపోయాక, వడ్డీకి తెచ్చిన ఆరు వేలతో బయలుదేరాడు. ఎదురుచూసిన కాలమే అతన్ని ఎక్కువ నష్టపరిచింది.

హైదరాబాదులో దొరికిన పని అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఉద్యోగం. ఉత్తరాంధ్ర, పాలమూరు కుటుంబాలు అక్కడ ఎన్నో ఈ పనిలోనే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉండాలన్నది మొదటి షరతు. అతనికి జీతం, ఆమె ఫ్లాట్లలో అంట్లు తోమి ఇల్లు తుడిచి సంపాదించుకోవాలి. రెండో షరతు, ఒక బిడ్డ అయితే సరే, మరీ ఎక్కువమంది ఉండకూడదని. ఆ గదిని నేను చూశాను. సెల్లార్‌లో మెట్ల కింద మూడు మంచాల వెడల్పు ఉంటుంది, గోడకు బోరు మోటారు స్విచ్ బోర్డు ఉంటుంది, నీళ్లు ఎక్కించే వేళ ఆ మోత మధ్యనే వంటా నిద్రా సాగుతాయి. అందువల్ల ఆరేళ్ల కొడుకు వాళ్లతో వెళ్లాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు నా దగ్గర ఉంది. మా అమ్మ కూడా ఇక్కడే ఉండిపోయింది. కుటుంబం తరలివెళ్లిందని మనం రాస్తున్నాం గానీ, నిజానికి అది రెండుగా చీలింది.

చీలడానికి గది ఇరుకు ఒక్కటే కారణం కాదు. మా అమ్మకు నెల మొదటి తేదీన ఇంటి దగ్గరే అందే ₹4,000 పింఛను వేరే రాష్ట్రానికి రాదు. రేషను సంగతి మరీ విచిత్రం. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. అయినా ఆ సౌకర్యం 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డులకే వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం తన సొంత ఖర్చుతో బియ్యం ఇచ్చే కార్డులు సరిహద్దు దాటితే పనిచేయవు. తన కార్డు ఏ కోవలోదో మా తమ్ముడికి హైదరాబాదు డీలరు దగ్గర వేలిముద్ర వేసేదాకా తెలియదు. బియ్యం ఇక్కడ మా అమ్మ తీసుకుంటోంది, వాళ్లు అక్కడ అంగట్లో కొనుక్కుంటున్నారు. ఇక పిల్ల చదువుకు స్థానికత భయం ఒకటి ఉంది. వరుసగా ఎన్నేళ్లు ఎక్కడ చదివితే ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుందన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానం చెబుతున్నారు. రెంటికీ చెడ్డ రేవడి కాకూడదని మేము పిల్లను కదిలించలేదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, ఉద్యోగం నుంచి తొలగించిన కార్మికుడికి కొత్త పని నేర్చుకోవడానికి పదిహేను రోజుల వేతనాన్ని 45 రోజుల్లోగా ఖాతాలో వేయాలన్న నిబంధన ఉంది. మంచిదే. అయితే లాకౌట్‌లో ఉన్నవాడిని ఎవరూ తొలగించలేదు గదా! అదే కోడ్ మూసివేతకు ముందస్తు అనుమతి అవసరమైన పరిమితిని వంద మంది కార్మికుల నుంచి మూడు వందలకు పెంచింది. చిన్న మిల్లుల వాళ్లకు ఆ కాస్త అడ్డు కూడా ఇక లేదు.

కాబట్టి లాకౌట్‌కు ఒక గడువు ఉండాలి. ఆరు నెలలు దాటినా తెరవని మిల్లును మూతపడినట్టుగానే పరిగణించి, పరిహారం, గ్రాట్యుటీ బాకీలు చెల్లించవలసిన తేదీ చట్టంలోనే రాయాలి. ఇది జరిగేలోగా కార్మిక శాఖ చేయగలిగిన పని ఒకటి ఉంది: నోటీసు వేలాడిన వారంలోనే మిల్లు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, ప్రతి కార్మికుడికీ సర్వీసు ధ్రువపత్రం ఇప్పించి, ఆధార్‌లో ఒకలాగా భవిష్యనిధి ఖాతాలో ఒకలాగా ఉన్న పేర్లను అక్కడికక్కడే సరిచేయించాలి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వల్ల మా తమ్ముడి దరఖాస్తు రెండుసార్లు తిరస్కరణకు గురైంది. రెండు తెలుగు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకుంటే రాష్ట్ర కార్డులకు కూడా పరస్పరం బియ్యం ఇవ్వడం పెద్ద కష్టమేమీ కాదు.

చివరగా నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. మిల్లు బాకీల వివాదంలో విచారణకు హాజరు కమ్మని కార్మికులకు ఉత్తరాలు వారి ఊరి చిరునామాకే వస్తాయి. మనిషి ఊళ్లో లేకపోతే ఆ ఉత్తరాన్ని ఏడు రోజులు ఉంచి, కారణం రాసి, పంపినవారికి తిప్పి పంపాలి. నా సర్వీసు చివరి ఏడాదిలో అటువంటి కవర్లు ఎన్నింటి మీద నా చేత్తో ‘చిరునామాదారు ఊళ్లో లేరు’ అని రాశానో లెక్క పెట్టుకోలేదు. వాళ్లలో చాలామంది ఎక్కడున్నారో నాకు తెలుసు. మా తమ్ముడికీ అలాగే ఒక తేదీ దాటిపోయింది. అతని హైదరాబాదు చిరునామాను దస్త్రంలో చేర్చమని మొన్న సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. అద్దె ఒప్పందం నకలు జతచేయమన్నారు. మెట్ల కింద గదికి అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారో ఆ గుమాస్తా గారిని అడిగాను. ఆయన అర్జీ మీద ‘పెండింగ్’ అని రాసి పక్కన పెట్టారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్ట్‌మాస్టరు,
విజయనగరం జిల్లా