ఫోన్ చేతికిస్తే సరిపోదు, అమర్చి ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వికలాంగులకు ఫోన్లు, వినికిడి మిషన్లు పంచిన రోజు ఫొటోతో సహా వార్త వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఆ పెట్టె ఏమైందో ఎవరూ రాయరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటి పెట్టెలు చాలావరకు అలమారలోనే ఉండిపోతాయి. వస్తువు మంచిదే. అది ఎవరికోసమో వాళ్లకు సరిపోయేట్టు ఎవరూ అమర్చి ఇవ్వరు, అంతే. శాఖ పేరు వికలాంగుల నుంచి విభిన్న ప్రతిభావంతులకు మారింది గానీ ఈ లోటు మారలేదు.

చూపు లేనివారి సంగతి తీసుకుందాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంటుంది. షార్ట్‌కట్ పెట్టి ఉంటే వాల్యూమ్ మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకోగానే మొదలవుతుంది, మళ్లీ అలాగే ఆగుతుంది. మొదలయ్యాక ఫోన్ నడత మారిపోతుంది. ఒకసారి తాకితే పేరు చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది, తెర జరపాలంటే రెండు వేళ్లు కావాలి. ఇది తెలియని ఇంట్లోవాళ్లు ‘ఫోన్ చెడిపోయింది, ఏందేందో వాగతా ఉంది’ అని దుకాణానికి పట్టుకెళ్తారు. అక్కడి కుర్రాడికీ తెలియదు, రీసెట్ కొట్టి ఇస్తాడు. దాచుకున్న నంబర్లన్నీ పోతాయి. రెండు మీటలు మూడు సెకన్లు పట్టుకుంటే తీరే పని అది.

తెలుగు గొంతుది ఇంకో తంటా. తెలుగు వాయిస్ లేని ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఇంగ్లిష్ చదువుతుంది, తెలుగు మెసేజ్ రాగానే గమ్మునుండిపోతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ టు స్పీచ్, దాని పక్కన పళ్లచక్రం గుర్తు, అందులో ఇన్‌స్టాల్ వాయిస్ డేటా. అక్కడ తెలుగు దించుకోవాలి, వైఫై దగ్గరైతే మేలు. 2 జీబీ ర్యామ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ నత్తనడక నడుస్తుంది. 4 జీబీకి తగ్గితే పంచకపోవడమే మంచిది. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ టాక్‌బ్యాక్‌ను దానంతటదే ఆపేస్తుంది. బ్యాటరీ ఆప్టిమైజేషన్‌లో దానికి మినహాయింపు ఇవ్వాలి. ఇవన్నీ కలిపి ఇరవై నిమిషాల పని. చూపు పూర్తిగా పోయిన పెద్దవాళ్లకు మాత్రం నా మటుకు మీటల ఫోనే నయం. 5 అంకె మీద ఉండే చిన్న బొడిపెను వేలితో తడిమి మిగతా అంకెలన్నీ పట్టుకోవచ్చు.

కస్టమర్ కేర్‌ల ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ కూడా వీళ్లకు పరీక్షే. టచ్ ఫోన్‌లో అంకె వెతికి, విని, రెండుసార్లు తట్టేలోగా అవతలి గొంతు ‘మీరు ఏమీ ఎంచుకోలేదు’ అని మొదటికొస్తుంది. పైగా టాక్‌బ్యాక్ గొంతూ ఆ గొంతూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కాల్ కలవగానే కీప్యాడ్ తెరిచి పెట్టుకోవడం, ఇయర్‌ఫోన్ వాడటం కొంత ఉపశమనం. అసలు మందు వేరే ఉంది. వికలాంగుల కోసం కాల్ సెంటర్లలో ప్రత్యేక డెస్క్ పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లోనే సిఫార్సు చేసింది.

వినికిడి మిషన్ల దగ్గర తప్పులు ఎక్కువ. చెవి వెనక తగిలించుకునే మిషన్‌కు మైకు చెవి పైభాగాన ఉంటుంది. ఫోన్‌ను అందరిలా చెవి రంధ్రానికి ఆనిస్తే మాట అందదు, కీచుమని ఈల వస్తుంది. ఫోన్ స్పీకర్‌ను కాస్త పైకి జరిపి, మిషన్ మైకుకు ఎదురుగా, వేలెడు దూరంలో పట్టుకోవాలి. జేబులో పెట్టుకునే పాతరకం పెట్టె మిషన్‌కైతే మైకు ఆ పెట్టె మీదే ఉంటుంది, కాబట్టి ఫోన్‌ను ఛాతీ దగ్గర పట్టుకోవాలి. నవ్వులాటగా ఉంటుంది, కానీ వినపడేది అలాగే. మిషన్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చేసి చూపిస్తే చాలు.

మిషన్‌లో ‘టి’ స్విచ్ గానీ టెలికాయిల్ ప్రోగ్రామ్ గానీ ఉంటే అది ఫోన్ స్పీకర్‌లోని అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది, బయటి రొద చెవిన పడదు. ఇందులో మెలిక ఒకటుంది. మాట్లాడటం అయ్యాక ‘టి’ నుంచి మైకుతో వినే ‘ఎం’కు తిప్పడం మరిచిపోతే ఇంట్లో మాటలేవీ వినపడవు, మిషన్ పాడైందనుకుని తీసి పక్కన పెట్టేస్తారు. డిజిటల్ మిషన్లలో కాయిల్ ఉన్నా ప్రోగ్రామ్ ఆన్ చేయకుండా ఇచ్చేవాళ్లున్నారు. తీసుకునేటప్పుడే అడగాలి. బ్యాటరీ సంగతి కూడా చెప్పుకోవాలి. మిషన్లలో వేసే జింక్-ఎయిర్ సెల్ మీది స్టిక్కర్ ఒలిచాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి. నారింజ రంగు స్టిక్కరుంటే 13 సైజు, నీలం రంగైతే 675. సముద్రపు గాలి తగిలే కొత్తపట్నం లాంటి ఊళ్లలో రాత్రిపూట మిషన్‌ను సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టకపోతే లోపలి తీగలు చిలుమెక్కుతాయి.

ఒక చెవే పనిచేసేవాళ్లు యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేసుకోవాలి, రెండు వైపుల శబ్దమూ ఆ ఒక్క చెవికే వస్తుంది. రింగు వినపడనివాళ్లకు ఆండ్రాయిడ్ 14 నుంచి ఫ్లాష్ నోటిఫికేషన్స్ ఉంది, కాల్ వస్తే కెమెరా లైటు మెరుస్తుంది.

పూర్తిగా వినపడనివారికి గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఎదుటివారి మాటను తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది. కాల్ నడుస్తుండగా అదే ఫోన్‌లో తెరిస్తే మైకు దొరకదు. ఒక ఫోన్‌లో స్పీకర్ పెట్టి, రెండో ఫోన్‌లో ఇది తెరిచి పక్కన పెట్టాలి. మన యాసలో ‘యాడుండావు’ అంటే అది ఏం రాస్తుందో దానికే తెలియాలి. అంకెలు, ఊరిపేర్లు తప్పు పడతాయి, ఒక్కొక్కటిగా చెప్పమనాలి. ఈ తంటాలన్నీ మధ్యలో మనిషి లేకపోబట్టే. అమెరికాలో 711 నొక్కితే రిలే ఆపరేటర్ పలికి, బధిరులు టైపు చేసింది అవతలివారికి చదివి వినిపిస్తారు. మన దగ్గర ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2023 సెప్టెంబరులో వాట్సాప్ వీడియో కాల్ మీద రిలే సేవ మొదలుపెట్టింది. కావలిలో ఉన్న బధిరుడు తెలుగు తప్ప మరో భాష రాని తహసీల్దార్ ఆఫీసు గుమస్తాతో మాట్లాడాలంటే సంజ్ఞలను తెలుగులోకి చెప్పే మనిషి కావాలి. ఆ పని రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిందే.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగిసినవాళ్ల బాధ మరో తీరు. వేలు తెర మీద పడి లేచేలోపు ఫోన్ దాన్ని ‘నొక్కి పట్టడం’గా లెక్కేస్తుంది, కావాల్సింది తెరుచుకోదు. టచ్ అండ్ హోల్డ్ డిలే అనే చోట ‘లాంగ్’ పెడితే సర్దుకుంటుంది. శాంసంగ్ ఫోన్లలో వాల్యూమ్ పెంచే మీటతో కాల్ ఎత్తి, పవర్ మీటతో పెట్టేసే ఏర్పాటు కూడా ఉంది. ఫోన్ పట్టుకునే బలం లేకపోతే మంచం కోడుకు బిగించే వంపుమెడ స్టాండు చాలు.

సిమ్ దగ్గర మరో అడ్డం. వేలిముద్ర పడనివాళ్లను, కెమెరా ముందు కన్ను ఆర్పలేనివాళ్లను తిప్పి పంపుతుంటారు. కన్ను ఆర్పడం ఒక్కటే మార్గంగా పెట్టకూడదని, కేవైసీకి, అంటే గుర్తింపు తనిఖీకి, వేరే దారులు ఉండాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. దుకాణంవాళ్లు ఒప్పుకోకపోతే టెలికాం కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే డాకెట్ (ఫిర్యాదు) నంబర్ రాసుకోండి. ఆ నంబర్ లేకుండా అప్పీలు ముందుకు కదలదు.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. వైకల్య ధ్రువపత్రాల కోసం పెట్టే సదరం శిబిరం జరిగేచోట, కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో పరికరాలు పంచేచోట ఒక బల్ల, ప్లగ్ బోర్డు, వైఫై, పనితెలిసిన ఇద్దరు మనుషులు. పరికరం పుచ్చుకున్నవాళ్లు అక్కడే కూర్చుని, ఇంట్లోవాళ్లకు ఒక కాల్ చేసి మాట్లాడాకే సంతకం పెట్టాలి. చూపించేటప్పుడు ఇంట్లోవాళ్లలో ఒకరు పక్కన ఉండాలి, లేకుంటే రీసెట్ కథ మళ్లీ మొదలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాధనాలు వాళ్లకు అందుబాటులో ఉండాలంటోంది. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చే అర్జీలో ఆ సెక్షన్ నంబర్ వేయండి.

ఆ బల్ల దగ్గర చేయాల్సిన పని ఇంకొకటి. 2015, 2021 నవంబర్లలో పెన్నా పొంగినప్పుడు హెచ్చరికలు మైకుల్లో తిరిగాయి. చెవులు వినపడనివాళ్లకు ఆటో మైకు ఎందుకు పనికొస్తుంది? ఫోన్ సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ, అందులో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ తెరిచి, అలర్టులతోపాటు వైబ్రేషన్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూడాలి. రాత్రి ఫోన్‌ను దిండు కింద పెట్టుకోమని సైగలతోనో కాగితం మీద రాసో చెప్పాలి. అక్టోబరులో వాయుగుండాలు మొదలయ్యేలోపు పెన్నా ఒడ్డు ఊళ్లలో, కోస్తా మండలాల్లో ఈ ఒక్క పనైనా పూర్తి చేయించమని రెండు జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు, కావలి